అతుకుల బొంత తిట్టు కాదు

ఈ సంక్రాంతి నుంచి మా పెద్దమ్మ కూతురు నాతో మాట్లాడటం లేదు. కారణం ఆస్తి కాదు, ఒక బొంత.

అమ్మమ్మ పోయాక పాలకొల్లు ఇంట్లో అటక మీది రేకు పెట్టె నా వాటాకొచ్చింది. గాజులు, చంద్రహారం ఎవరి వాటాకెళ్లాయో అడక్కండి, నాకు పెట్టె వచ్చింది. మూత తీస్తే కలరా ఉండల వాసన. లోపల గుండ్రటి క్రోషా లేసు ముక్కలు ఇరవై మూడు, ఎంబ్రాయిడరీ చేసిన దిండు గలీబులు నాలుగు, రామచిలకల టేబుల్ క్లాత్ ఒకటి, రేడియో మీద కప్పే లేసు గుడ్డ ఒకటి. గలీబుల్లో రెండు జత: ఒకదాని మీద ఇంగ్లీషులో గుడ్ నైట్, రెండోదాని మీద స్వీట్ డ్రీమ్స్, అందులో ఒక అక్షరం ఎగిరిపోయి ఉంది. అది మా అమ్మ పని. ఆవిడ ఎంబ్రాయిడరీ లోయర్ పరీక్ష పాసైంది, ఇంగ్లీషు మాత్రం కాలేదు.

వీటన్నిటినీ కలిపి నేను బొంత కుట్టాను. అడుగున అమ్మమ్మ నేతచీరలు మూడు పొరలు, పైన ముదురు నీలం కాటన్, దాని మీద ఈ లేసులు, గలీబుల ముక్కలు. పండక్కి మంచం మీద పరిచాను. అక్క చూసింది, చేత్తో తడిమింది. "అమ్మమ్మ చేతిపని మీద కత్తెర పెట్టడానికి నీకు మనసెలా ఒప్పిందే?" అంది. అంతే, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది.

ఆవిడ ఒక్కతే అయితే ఊరుకునేదాన్ని. బొంత ఫొటో పెట్టినప్పటి నుంచి నాకు ఇదే పాఠం చెబుతున్నవాళ్లు బోలెడుమంది. "దాచుకోవాలి కదా", "ఫ్రేమ్ కట్టించాల్సింది", "మ్యూజియం పీసులు అవి". అందుకే ఇంత పెద్ద పోస్టు.

మ్యూజియం సంగతి ముందు తేలుద్దాం. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల లేసు అల్లిక 1844 ప్రాంతంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిందంటారు. తర్వాత అది ఎగుమతి సరుకైంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని అల్లుతారు, అతనొచ్చి పట్టుకుపోతాడు. సరుకు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లేది. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపేవాళ్లు వేరు. మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. మా అమ్మమ్మది చేతిపని. మరి ఎగుమతి సరుకు మా అటక మీద ఎందుకుంది? అమ్మమ్మే చెప్పేది, కొలత తప్పిందనో దారం మాసిందనో ఏజెంటు తిరగ్గొట్టినవి అవి. అంటే మనవాళ్లు ఇప్పుడు కళ్లకద్దుకుంటున్న పెట్టెలో సగం రిజెక్టు మాల్!

అమ్మమ్మ దాన్ని కళ అని ఎప్పుడూ అనలేదు. "కూలి గిట్టదమ్మా, ఊరికే కూర్చోలేక" అనేది. ఆ మాట నాకు మామూలుగానే వినిపించేది. తర్వాత మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్టు 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద పుస్తకం వేసిందని తెలిసి తెప్పించుకుని చదివాను. ఆవిడ పట్టుకున్న మెలిక అదే. వీళ్లు రోజుకి ఎన్ని గంటలు అల్లినా కూలీలుగా లెక్కకి రారు, ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులు కాలక్షేపానికి చేస్తున్నారంటారు. కాలక్షేపం అన్నాక కూలి ఎవరు పెంచుతారు? చదువుతుంటే అమ్మమ్మ వంగిన మెడ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే ముద్ర) వచ్చింది, సంతోషం. అది అల్లే చేతికి పైసలుగా ఎప్పుడు మారుతుందో చూడాలి.

కాబట్టి నా వాదన ఇది. జీవితమంతా కూర్చుని అల్లిన మనిషి పనిని పెట్టెలో పెట్టి తాళం వేయడం గౌరవం కాదు, బద్ధకం. నూలు గుడ్డ పెట్టెలో ఊరికే ఉండదు. మడత పెట్టిన చోట పసుపు గీత పడుతుంది, ఏళ్లు గడిస్తే సరిగ్గా ఆ మడత దగ్గరే పోగులు తెగుతాయి. రేకు పెట్టె అయితే తుప్పు మరకలు అదనం. మా టేబుల్ క్లాత్ విప్పితే నాలుగు మడతల దగ్గర నాలుగు చీలికలు. రామచిలకలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆ గుడ్డని ఫ్రేమ్ కట్టిస్తే చీలికలు కూడా ఫ్రేమ్‌లోనే ఉంటాయి కదా.

అలాగని కనిపించిన ప్రతిదాని మీదా కత్తెర వేయమనడం లేదు. ఇక్కడ నాకు అవతలి పక్షంతోనూ పేచీ ఉంది. అమెరికాలో పాత ఎంబ్రాయిడరీ గుడ్డలు, లేసులు కొని క్విల్టుల్లో, అంటే వాళ్ల బొంతల్లో, కుట్టేవాళ్లు చాలామంది. వాళ్లకి ఇది కొత్త పిచ్చి కూడా కాదు, 1880ల్లోనే వెల్వెట్, సిల్కు, లేసు ముక్కలు వంకరటింకరగా కలిపి క్రేజీ క్విల్ట్ అని కుట్టారు. చిరిగిన పాత క్విల్టునో గుడ్డనో వాళ్లు కట్టర్ అంటారు, అంటే ముక్కలు చేసినా పాపం లేనిది. మంచి మాట. కానీ ఆ మాట అడ్డం పెట్టుకుని నిక్షేపంలాంటి టేబుల్ క్లాత్‌లను కూడా వీడియో కోసం కచకచా కోసేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కెల్లీ క్లైన్, సిండీ నీధమ్ లాంటి క్విల్టు కుట్టేవాళ్లు చేసిన పని చూడండి. గుడ్డని ముక్కలు చేయకుండా దాన్నే క్విల్టు పై పొరగా పెట్టి, పాత పువ్వుల చుట్టూ మిషన్ కుట్టుతో కొత్త డిజైన్ నింపుతారు. కత్తెర అవసరమే పడదు.

డల్లాస్‌లో ఉన్న మా చెల్లి కూతురు పాత సామాన్ల షాపు నుంచి ఫొటో పంపింది. బుట్ట నిండా లేసు ముక్కలు, ఏదైనా డాలరు. "పెద్దమ్మా, ఇవి మన ఊరివేనా?" అని అడిగింది. చైనా నుంచి కూడా బోలెడు వెళ్లింది, అక్కడి అమ్మమ్మలూ అల్లుకున్నారు, ఎలా చెప్పను? ఐదు కొనమన్నాను.

నేనెలా చేశానో కూడా రాస్తాను, తిట్టేముందు ఇది చదవండి. లేసు ముక్క ఒక్కటి కూడా కోయలేదు. క్రోషా అంతా గొలుసు మీద గొలుసు, మధ్యలో కోస్తే మీ కళ్లముందే ఊడి వస్తుంది. కోయక తప్పకపోతే ముందు గీతకి అటూఇటూ దగ్గర కుట్టు వేసి అప్పుడు కోయాలి. నేను మాత్రం అన్నీ మొత్తంగానే పెట్టాను. మధ్య నుంచి బయటికి టాకాలు వేసుకుంటూ వచ్చి, చివర ఉన్న ప్రతి ఉచ్చునీ అదే రంగు దారంతో చేత్తో కుట్టాను. రేపు ఎవరికైనా బొంత వద్దనిపిస్తే సూదితో ఆ కుట్లు విప్పుకుంటే అమ్మమ్మ లేసు అమ్మమ్మ లేసులాగే చేతికొస్తుంది. ఇది మా అక్కకి చెప్పే అవకాశం రాలేదు. మొదట్లో తొందరపడి ఒకదాన్ని మిషన్ మీద పెట్టాను. గుడ్డని నొక్కి పట్టే ప్రెసర్ ఫుట్ ఉచ్చులో ఇరుక్కుని మూడు పువ్వులు చిరిగాయి. ఆ రోజు మిషన్ మూత పెట్టేసి ఏడ్చాను, అబద్ధం ఎందుకు. చిరిగినచోట చిన్న గుండీ కుట్టాను, ఎవరూ కనిపెట్టలేదు.

కత్తెర పెట్టింది గలీబులకీ చీలిన టేబుల్ క్లాత్‌కీ. అదీ ఎంబ్రాయిడరీ చుట్టూ అంగుళంన్నర గుడ్డ వదిలి, వెనక మల్లు గుడ్డ పెట్టి. పాత గుడ్డ తన బరువే తను మోయలేదు, పొర ఇవ్వకపోతే రెండో ఉతుక్కే పోతుంది. కోయకముందు ఉతకాలి, ఉతకకముందు రంగు చూడాలి. తడి దూది ఎర్ర దారానికి అద్దితే దూది ఎర్రబడిందా, నీళ్లలో వేయకండి. బ్లీచింగ్ పౌడర్ జోలికి అసలు పోకండి, నూలు పుచ్చిపోతుంది, తుప్పు మరక ఇంకా ముదురుతుంది. ఆక్సిజన్ బ్లీచ్ అని అమ్మేదాన్ని గోరువెచ్చటి నీళ్లలో కలిపి నానబెట్టి, పిండకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టాను. మరక పోకముందు ఇస్త్రీ పెడితే ఆ మరక జన్మలో పోదు.

ఇంకో కోపం కూడా ఉంది. మన పేపర్లలో సంకీర్ణ ప్రభుత్వం అనగానే అతుకుల బొంత అంటారు. తిట్టుగా! బొంత కుట్టిన ఒక్కరైనా ఆ మాట అలా వాడతారా? ప్రభుత్వాలు కూలిపోతాయేమోగానీ మా నాన్నమ్మ బొంత నాలుగు కాన్పులు చూసింది. కర్ణాటకలోని ఉత్తర కన్నడలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంతలో నాలుగు మూలలా ఫూల అని చిన్న గుడ్డ మడతలు పెడతారు, అవి లేకపోతే బొంత పూర్తికానట్టే. బెంగాలీ వాళ్లు తమ బొంత కాంథాని నెత్తిన పెట్టుకున్నారు. మనం బొంతని అటక ఎక్కించి, ప్యాచ్‌వర్క్ బొమ్మ ప్రింట్ చేసిన పాలిస్టర్ దుప్పటి ఆన్‌లైన్‌లో కొంటున్నాం. అతుకు కూడా ప్రింటే!

బొంత మీద మా మనవడు మామిడి రసం ఒలకబోశాడు. గుడ్ నైట్ పక్కన ఇప్పుడొక పసుపు మరక ఉంది. రెండుసార్లు నానబెట్టాను, కాస్త తగ్గింది.

అక్క ఇంకా ఫోన్ ఎత్తడం లేదు. అన్నట్టు, అమ్మమ్మ అల్లిన పెద్ద లేసు టేబుల్ క్లాత్, ఎనిమిది మందికి సరిపడేది, ఆవిడ దగ్గరే ఉంది. పెళ్లికిచ్చినప్పటి నుంచి ప్లాస్టిక్ కవర్లో, అటక మీద. ఎలుకలు ఒక మూల తిన్నాయని బావగారు నాకు రహస్యంగా చెప్పారు.