దస్తావేజుల పట్టణం

అమెరికాలోని న్యూజెర్సీలో, ఎడిసన్ పరిసరాల్లో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాల దస్తావేజులు నమోదయ్యేది మిడిల్‌సెక్స్ కౌంటీ కేంద్రమైన న్యూబ్రన్స్‌విక్‌లో. ఆ పట్టణం పుట్టుక కూడా దస్తావేజులతోనే మొదలైంది. అక్కడి ఆదివాసులైన లెనాపే ప్రజలు తరతరాలుగా మసలిన రారిటన్ నది ఒడ్డున 1681లో వలసదారులు స్థిరపడ్డారు. అంతకు 17 ఏళ్ల ముందే ఇంగ్లండ్ రాజు తమ్ముడైన యార్క్ డ్యూక్ ఈ నేలనంతా బర్క్‌లీ, కార్టరెట్ అనే ఇద్దరు ప్రభువులకు రాసిచ్చేశాడు. ఇచ్చినవాడు గానీ పుచ్చుకున్నవారు గానీ ఆ నదిని కంటితో చూసినవారు కారు!

జాన్ ఇనియన్ బల్లకట్టు నడిపినందున 'ఇనియన్ రేవు'గా పిలిచిన ఆ మజిలీయే తరవాత బ్రిటిష్ రాజవంశం పేరుతో న్యూబ్రన్స్‌విక్ అయింది. 1730లో దానికి నగర హోదా వచ్చింది. నేటి రట్గర్స్ విశ్వవిద్యాలయానికి మూలమైన క్వీన్స్ కళాశాల 1766లో అనుమతి పొంది, 1771లో ఇక్కడ తరగతులు మొదలుపెట్టింది. పెర్త్ అంబాయ్‌లో ఉన్న కౌంటీ కేంద్రం ఇక్కడికి మారింది మాత్రం ఆ శతాబ్దపు చివరి పాదంలోనే.

1776 జులై 9న కల్నల్ జాన్ నీల్సన్ ఇక్కడి ప్రజలకు స్వాతంత్ర్య ప్రకటనను చదివి వినిపించిన ఘట్టాన్ని పట్టణం గర్వంగా చెప్పుకుంటుంది, తప్పులేదు. కానీ మనుషులంతా సమానమని విన్న ఆ ఊళ్లోనే, 1808లో కళాశాల ప్రధాన భవనానికి పునాది తీసిన పనివారిలో విల్ అనే బానిస ఉన్నాడు. అతడి యజమాని ఒక వైద్యుడు. న్యూజెర్సీ 1804లో చేసిన చట్టం బానిసలను విడిపించలేదు. ఆ ఏడాది జులై 4 తరవాత వారికి పుట్టిన పిల్లలను మాత్రం ఆడవారైతే 21, మగవారైతే 25 ఏళ్లు తల్లి యజమానికి చాకిరీ చేశాక వదిలేయమంది. ఆ జననాలను యజమానులు కౌంటీ గుమాస్తా దగ్గర నమోదు చేయించాలి. భూమి దస్తావేజులు దాఖలు చేసే కార్యాలయమే పసివాళ్ల చాకిరీ గడువుకూ లెక్క రాసిందన్నమాట.

స్వాతంత్ర్య ప్రకటనకు 2026తో 250 ఏళ్లు నిండుతాయి. ఉత్సవాల్లో నీల్సన్ చదివిన ప్రకటన పక్కనే ఆ జనన పుస్తకాన్నీ తెరిచి ఉంచాలన్నది మా అభిప్రాయం. అక్కడి మన సంఘాలు కౌంటీ పాలకులను ఈ మాట అడగవచ్చు. తమ ఇళ్ల కాగితాలు భద్రపరిచిన కార్యాలయాన్ని ఆపాటి కోరిక కోరే హక్కు వారికి ఉంది.