అండమాన్ విమానంలో కిటికీ సీటు కుడివైపా, ఎడమవైపా?

చెన్నై నుంచి అండమాన్‌కు బయలుదేరే మన తెలుగువాళ్లు హోటలు, పడవ టికెట్లు, స్కూబా డైవింగ్ అన్నీ ముందే ఖాయం చేసుకుంటారు. విమానంలో సీటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కిటికీ అయితే చాలు, ఎటైతేనేం అనుకుంటారు. ఈ ధోరణి నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రెండు గంటలకు పైగా సాగే ఆ ప్రయాణంలో చాలాసేపు బంగాళాఖాతం తప్ప మరేమీ కనిపించదు. చూడవలసిన దీవులన్నీ చివర్లో, విమానం కిందికి దిగుతున్న కొద్ది నిమిషాల్లోనే వచ్చి వెళ్లిపోతాయి.

ఒకసారి పటం తీసి చూడండి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ మనకు తూర్పున, కాస్త దక్షిణంగా ఉంది. దానికి సుమారు యాభై కిలోమీటర్ల ముందు, నేరుగా గీసిన గీతకు కొద్దిగా దక్షిణాన ఉత్తర సెంటినెల్ దీవి ఉంది; బయటివాళ్లను దగ్గరికి రానివ్వని సెంటినెలీస్ తెగవారు ఉండేది అక్కడే. అంటే వెళ్లేటప్పుడు కుడివైపు ఎఫ్ సీటు, వచ్చేటప్పుడు ఎడమవైపు ఎ సీటు తీసుకోవాలి. గాలిని బట్టి, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ కేంద్రం) ఆదేశాలను బట్టి దారి మారవచ్చు గానీ, అవకాశం ఎటు ఎక్కువో అటు కూర్చోవడమే వివేకం. ఆ దీవికి ఐదు నాటికల్ మైళ్ల లోపలికి వెళ్లడం నిషిద్ధం, వెళ్లనూ కూడదు. అక్కడి మనుషుల జోలికి పోకుండా మనలాంటివాళ్లు దాన్ని చూడగలిగేది పైనుంచే. దట్టమైన అడవి, దాని అంచున సన్నని ఇసుక, ఆ ఇసుకను చుట్టి లేతరంగు పగడపు దిబ్బ కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో అక్కడి నేల పైకి లేవడంతో, అంతవరకు నీటిలో ఉన్న దిబ్బ అంచులు బయటపడ్డాయి. ఇది తెలిసి చూసేవారికి ఆ తెల్లని అంచు మామూలు తీరంలా అనిపించదు.

వైపు ఒక్కటే సరిపోదు, ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. సూర్యుడికి అభిముఖంగా చూస్తే నీటి మీద తళుకే తప్ప రంగు కనిపించదు. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు రోజంతా దక్షిణానే ఉంటాడు కాబట్టి, కుడివైపు కూర్చునేవారు అతను బాగా పైకి వచ్చిన వేళకు దిగే విమానం ఎంచుకోవాలి. అండమాన్‌లోనూ మన గడియారమే నడుస్తుంది గనుక అక్కడ పదకొండున్నర ప్రాంతానికే నడిమధ్యాహ్నం అవుతుంది, డిసెంబరులో సాయంత్రం ఐదుకే పొద్దు గుంకుతుంది. ఆ నెలలో సాయంత్రం విమానమెక్కి దీవులు చూద్దామనుకోవడం వృథా. ఏప్రిల్ మూడో వారంలోనైతే మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు; నా దృష్టిలో అంతకు మించిన సమయం లేదు. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు ఉంటే తీసేయండి, వాటిలోంచి చూస్తే కిటికీ మీద ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనిపిస్తాయి.

ఇక రెక్క సంగతి. ఎయిర్‌బస్ ఏ320లో సుమారు పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా కిందికి చూస్తే రెక్కే అడ్డొస్తుంది. దాని వెనక కూర్చుంటే ఇంజన్ వేడిగాలికి దృశ్యం మసకగా అలలాడుతుంది. అందుకే నేను రెక్కకు ముందు వరుసలే తీసుకోమంటాను. అయితే బోయింగ్ 737లలో రెక్కకు ముందు ఒకటి రెండు చోట్ల ఏసీ గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది, అక్కడ కిటికీయే ఉండదు. లక్షద్వీప్‌లోని అగత్తికి తిరిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలకు ఈ రెక్క బాధ లేదు, వాటి రెక్క కిటికీలకు పైన ఉంటుంది.

నా అసలు అభ్యంతరం ఇక్కడే. కిటికీ సీటని అదనపు రుసుము తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టడం ఏ సంస్థ చేసినా అన్యాయమే. సీట్ల పటంలో కిటికీ లేని చోటును, రెక్క అడ్డొచ్చే వరుసలను డబ్బు కట్టకముందే స్పష్టంగా చూపించాలి. చూపించకపోతే ప్రయాణికులు అడిగి మరీ రుసుము వెనక్కి తీసుకోవాలి.