ప్లేటులో కణం చస్తే మందు దొరికినట్టేనా?

నేలవేము, తిప్పతీగ, నల్లజీడి... ఫలానా మొక్కకు క్యాన్సర్‌ను అడ్డుకునే గుణం ఉందని తేలినట్టు వార్తలు వస్తూనే ఉంటాయి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లోనూ ఇలాంటి ప్రాజెక్టులకు కొదవ లేదు. మొక్కల నుంచి మందులు వస్తాయా అన్న అనుమానం నాకు లేదు. మన పెరటి బిళ్ళగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌ను పిల్లల ల్యుకేమియాకు 1960ల నుంచీ వాడుతున్నారు. నా గొడవల్లా మన దగ్గర పరీక్ష ఎక్కడ ఆగిపోతోందన్నదే.

96 గుంతలున్న చిన్న ప్లాస్టిక్ ప్లేటులో హీలా కణాలో, ఎంసీఎఫ్-7 కణాలో పెంచుతారు. రెండూ ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలే. ఆకు పొడిని మెథనాల్‌లో నానబెట్టి తీసిన సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి వాటిమీద వేస్తారు. ఒకటి రెండు రోజులాగి ఎంటీటీ అనే పసుపు రంగు ద్రావణం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకు మారుస్తాయి. ఊదా తగ్గిందంటే కణాలు చచ్చాయని లెక్క. కానీ మోతాదు పెంచుకుంటూ పోతే ఏ సారానికైనా ఎక్కడో ఒకచోట కణాలు చస్తాయి. ఉప్పు ఎక్కువైనా చస్తాయి, డీఎంఎస్ఓ ఎక్కువైనా చస్తాయి. అందుకే ముడి సారమైతే మిల్లీలీటరుకు 20-30 మైక్రోగ్రాముల లోపే పనిచేయాలని అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ గీత గీసింది. 200, 300 దగ్గర సగం కణాలు చచ్చినా మనవాళ్లు 'శక్తిమంతం' అని రాసేస్తారు. అదే సారాన్ని క్యాన్సర్ లేని మామూలు కణాలపై వేసి చూశారా? ఆ పట్టిక చాలా పేపర్లలో కనిపించదు. రెండింటినీ ఒకేలా చంపేదాన్ని విషమంటారు.

మొక్క సంగతీ అంతే. అటికమామిడి అడిగితే గలిజేరు చేతిలో పెట్టే మూలికల కొట్లున్నాయి. నమూనా కొమ్మను ఆరబెట్టి, నంబరు వేసి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల భాండాగారంలో, దాచకపోతే మీరు పరీక్షించింది దేన్నో రేపు ఎవరు చెప్పగలరు?

దుగ్గిరాల యార్డు పసుపునే చూడండి. అందులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం మీద వేల పేపర్లు వచ్చాయి. శరీరంలో అది నిలవదని, ఒంటికి పట్టదని, డబుల్ బ్లైండ్ ట్రయల్స్‌లో (ఎవరికి అసలు మందు ఇచ్చారో రోగికీ డాక్టరుకూ తెలియకుండా చేసే పరీక్షల్లో) నెగ్గలేదని 2017లో ఒక సమీక్ష తేల్చింది. అయినా ప్లేటు ఫలితం చూసి కీమో మధ్యలో ఆపి కషాయం పట్టే కుటుంబాలున్నాయి.

కాలేజీలకు డబ్బు లేదు, పిల్లలు పని నేర్చుకుంటారు కదా అంటారు. నేర్చుకోవాల్సిందే. కానీ మొక్కను సరిగా గుర్తించడానికి, ఇప్పటికే వాడుతున్న క్యాన్సర్ మందు డాక్సోరుబిసిన్‌తో పోల్చి చూడటానికి, మామూలు కణాలకో వరుస కేటాయించడానికి కోట్లేమీ అక్కర్లేదు.

అసలు జబ్బు మన డిగ్రీల పద్ధతిలో ఉంది. పీహెచ్‌డీ థీసిస్ సమర్పించాలంటే పేపరు తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. అయినా ప్రమోషన్‌కు, ర్యాంకింగ్‌కు పేపర్ల లెక్క పోలేదు. 'పనిచేయలేదు' అని రాస్తే అచ్చు వేసేవాళ్లుండరు, గైడుకు టెన్షన్. ఆ అమెరికా క్యాన్సర్ ఇన్‌స్టిట్యూటే 1960-82 మధ్య సుమారు 35,000 జాతుల మొక్కలను జల్లెడ పట్టింది. నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఒకటైన టాక్సాల్ అనే క్యాన్సర్ మందుకు చెట్టు బెరడు సేకరణ 1962లో, అనుమతి 1992లో. మన దగ్గర మాత్రం ప్రతి మొక్కా ఒక్క సెమిస్టర్‌లో పాసవుతోంది!

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఒక ఉమ్మడి రిజిస్టరు తెరవాలి. ఏ మొక్క, ఏ ఊళ్లో, ఏ నెలలో కోశారు, ఏ మోతాదుకు ఏమైంది అన్నదంతా అందులో చేరాలి. ఏమీ కాకపోతే అదీ రాయాలి, దానికీ పేపరుతో సమానంగా మార్కులివ్వాలి. వచ్చే బ్యాచ్ ఎం.ఫార్మసీ ప్రాజెక్టులకు టైటిళ్లు ఖరారయ్యేలోపే ఈ పని జరగాలి.