ఇటు పచ్చలైటు, అటు చీకటి

గుంటూరులో ఏ యంత్రం మొరాయించినా మొదటి అనుమానం కారం మీదికే పోతుంది. ఫ్యాన్ ఆగితే మిరప దుమ్ము, ప్రింటరు కాగితం నమిలితే మిరప దుమ్ము, కొత్తగా చేరిన గుమాస్తా సెలవు చీటీ పంపినా మిరప దుమ్మే. అందుకే మా కోల్డ్ స్టోరేజీలో గేటు పక్కనున్న కాటా గదికీ, లోపలి ఆఫీసుకీ మధ్య వేసిన ఫైబర్ (గాజు తీగ) లింకు రానప్పుడు ముఠా మేస్త్రి దగ్గర్నుంచి శావుకారు గారి దాకా అందరూ ఒకే తీర్పు చెప్పేశారు. "కారం పట్టిందిలే!"

అంతకుముందు రాగి కేబులుండేది. వానాకాలంలో దగ్గర్లో ఎక్కడో పిడుగు పడితే, ఆ రాగి వెంటే నడిచొచ్చి అటు కాటా కంప్యూటర్నీ ఇటు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి జతచేసే స్విచ్ అనే పెట్టెనీ కలిపి కాల్చింది. గాజులో కరెంటు పారదు, వెలుతురే పారుతుంది కాబట్టి ఈసారి శావుకారు గారు ఫైబరే వేయించారు. మంచి నిర్ణయమే. చిక్కంతా చివర్లలో వచ్చింది. ఆఫీసులో పెట్టిన స్విచ్ పేరున్న విదేశీ కంపెనీది, విజయవాడ డీలరు అమ్మాడు. గేటు దగ్గరిది లాడ్జి సెంటర్లో కొన్న చౌక రకం. "ఫ్యాను ఒక కంపెనీది, వైరు ఇంకో కంపెనీది. తిరగట్లా? ఇదీ అంతే" అన్నారు శావుకారు గారు. మాట సబబుగానే ఉంది. ఆ స్విచ్‌లకే ఎవరూ చెప్పలేదు.

రెండు చివర్లా స్విచ్‌లో దూర్చే వేలెడంత లోహపు ముక్క ఉంటుంది, ఎస్‌ఎఫ్‌పీ అంటారు. కరెంటును వెలుతురుగా, వెలుతురును కరెంటుగా మార్చేది అదే. కొలతలన్నీ ఒకటే గనక ఏ కంపెనీ ముక్కయినా ఏ స్విచ్‌లోనైనా దూరుతుంది. కానీ దాని కడుపులో ఓ చిప్పు, ఆ చిప్పులో తయారుచేసినవాళ్ళ పేరు రాయడానికి 16 అక్షరాల చోటు ఉంటాయి. మా ఆఫీసు స్విచ్ ముందు ఆ పేరు చదివింది. మనవాడు కాదని తేల్చుకుని, అది దూరిన పోర్టు మూసేసింది. విజయవాడ నుంచి వచ్చిన ఇంజినీరు "మా కంపెనీదే కొనాలండీ" అని ధర చెప్పాడు. ఆ ధరకు గేటు స్విచ్‌లాంటివి రెండొస్తాయి.

"ఇంటిపేరు చూసి లోపలికి రానిచ్చేదానికి ఇంత మిషనెందుకయ్యా? మా బావమరిది చాలడా?" అన్నారు శావుకారు గారు.

చివరికి ఆ ఇంజినీరే "రేపేమన్నా అయితే మాకు సంబంధం లేదు" అని ముందే చెప్పేసి, ఏదో కమాండు కొట్టి దాన్ని ఒప్పించాడు. ఒప్పుకుంది గానీ లింకు రాలేదు.

ఇక కారం వంతు. ఫైబర్ కొన మీద మూతలు తీసి రాత్రంతా అలాగే వదిలేశారట. గేటు స్విచ్ బిగించిన లాడ్జి సెంటర్ కుర్రాడు చేతిలో పట్టేంత మైక్రోస్కోపు తెచ్చి చూపించాడు. తెర మీద బూడిదరంగు గుండ్రం, నట్టనడుమ వెలుతురు పోయే చుక్క, దాని మీద సగం ఎక్కి కూర్చున్న నల్లటి పలుకు. ఆ చుక్క అసలు వెడల్పు 9 మైక్రాన్లే, మన తలవెంట్రుకలో ఏడెనిమిదో వంతు. మేస్త్రి వంగి చూసి, "తేజ రకం మిరప. 334 రకమయితే ఇంత పొగరుండదు" అని తేల్చి, తుడవడానికి భుజం మీది తుండు తీశాడు. కుర్రాడు కెవ్వుమని, ఆల్కహాలు తడిపిన గుడ్డతో తనే తుడిచాడు. తుడవకముందు మీటరు మైనస్ 14 చూపించింది, తుడిచాక మైనస్ 6.

"మైనస్సా! మన ఏసీ గోడౌన్లో కూడా అంత చలి లేదే" అన్నారు శావుకారు గారు.

"చలి కాదండీ, వెలుతురు కొలత. మైనస్ 19 దాకా పనిచెయ్యాలి. ఇది బ్రహ్మాండంగా ఉంది."

"వెలుతురేదీ?" అంటూ ఆయన కొనను కంటికి ఆనించుకోబోతే ఇద్దరు ఇంజినీర్లూ చెరో చెయ్యీ పట్టుకుని ఆపారు. 1310 నానోమీటర్ల వెలుతురు మనిషి కంటికి ఆనదు, అయినా లేజరు లేజరే. ఆ ఇద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే.

మైనస్ 14 దగ్గరే రావాల్సిన లింకు, మైనస్ 6 దగ్గర కూడా రాలేదు. కారం నిర్దోషి అని తేలింది. గేటు బయట మిరప టిక్కీల (బస్తాల) ట్రాక్టర్లు బారులు తీరాయి. కాటా చీటీలు చేత్తో రాసి ఓ కుర్రాడికిచ్చి సైకిలు మీద ఆఫీసుకు పంపుతున్నాం. సైకిలు ఏ కంపెనీదని ఏ గేటూ అడగలేదు.

వింతేమిటంటే గేటు స్విచ్ మీద పచ్చలైటు వెలుగుతోంది, ఆఫీసు స్విచ్ మీద చీకటి. "మా వైపు బాగుందండీ, లోపం వాళ్ళదే" అని కుర్రాడు. "మా స్విచ్ పద్ధతి ప్రకారం ఉంది, అవతలిదే పద్ధతి లేనిది" అని విజయవాడ ఆయన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

సెకనుకు వెయ్యి మెగాబిట్లు మోసే గిగాబిట్ ఫైబర్‌కు 1998లో ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంఘం రాసిన పద్ధతిలో, రెండు చివరలూ ముందు కాసేపు మాట్లాడుకునే ఏర్పాటుంది. పని ఎక్కువైతే ఆగమనొచ్చా, ఇద్దరం ఒకేసారి పంపుకోవచ్చా, ఇలాంటివి. దాన్నే ఆటో నెగోషియేషన్ అంటారు. ఆఫీసు స్విచ్ మాటాముచ్చటకొచ్చిన మగపెళ్ళివారిలా తాంబూలం పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంది. అవతలివాళ్ళు నోరు విప్పితేగానీ కదలదు. గేటు స్విచ్‌లోనేమో "ఎందుకొచ్చిన గొడవ" అని కుర్రాడు వేగాన్ని వెయ్యి మెగాబిట్ల దగ్గర బిగించి, మాటలు కట్టేశాడు. దానికి అవతల వెలుతురు కనిపిస్తే చాలు, పెళ్ళయిపోయిందనుకుని పందిట్లో లైట్లు వేసేసుకుంది.

ఇది తెలియడానికి ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ తాగించాల్సి వచ్చింది. తెలిశాక ఇద్దరికీ పౌరుషం తగ్గి మర్యాద ముంచుకొచ్చింది. "మీరెందుకండీ, నేనే మార్చుకుంటా" అని కుర్రాడు బండెక్కి గేటుకెళ్ళి మాటలు మొదలెట్టించాడు. "చిన్నపిల్లాడు, వాణ్ణెందుకు ఇబ్బంది పెట్టడం" అని ఈయన ఈలోపు ఆఫీసులో మాటలు కట్టేశాడు.

ఆఫీసులో పచ్చలైటు వెలిగింది. గేటు దగ్గర ఆరిపోయింది.

"మా వైపు బాగుందండీ" అన్నాడు విజయవాడ ఆయన.

శావుకారు గారు ఫోను లాక్కుని, "అబ్బాయ్, నువ్వేందీ ముట్టుకోమాక, చేతులు కట్టుకుని నిలబడు" అని కేకేసి, ఇక్కడ ఈయన చేత మాటలు మళ్ళీ మొదలెట్టించారు. రెండు వైపులా పచ్చబడింది. సైకిలు కుర్రాడు తప్ప అందరూ సంతోషించారు.

సాయంత్రం ఇద్దరూ సర్వీసు రిపోర్టులు తెచ్చారు. లోపం ఎక్కడ అన్న గడిలో ఈయనా, ఆ కుర్రాడూ ఒకే మాట రాశారు: అవతలి వైపు. శావుకారు గారు రెండిటి మీదా సంతకం చేశారు. బిల్లు మాత్రం, లోపం ఎవరిదో వాళ్ళ దగ్గరే వసూలు చేసుకోమని ఇద్దరికీ చెప్పారు.