మురిగిపోయే ఇంగ్లీషు

ఇంగ్లీషు రెండేళ్లలో మురిగిపోతుంది. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల సంగతి వదిలేయండి. పరాయి దేశపు కాలేజీలో సీటుకు దరఖాస్తు పెట్టినవాళ్లను అడగండి, చెబుతారు. ఇంగ్లీషు వచ్చని చూపించే పరీక్ష టోఫెల్ అయినా, ఐఈఎల్‌టీఎస్ అయినా, స్కోరు చెల్లేది రెండేళ్లే. ఆఖరి రోజు రాత్రి పడుకునేటప్పుడు మీకు ఇంగ్లీషు వచ్చు. మర్నాడు లేచేసరికి రాదు. నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తోందే అని మీకు అనిపించవచ్చు. అది భ్రమ. అడ్మిషన్ ఆఫీసులకు అలాంటి భ్రమలు ఉండవు.

దీనికి వాళ్లు చెప్పే కారణం సబబుగానే ఉంటుంది. భాష వాడకపోతే తుప్పు పడుతుందట. నిజమే కదా, పడుతుంది. కానీ ఆ తుప్పుకూ ఒక పద్ధతి ఉంది చూడండి. టోఫెల్ పెట్టే ఈటీఎస్ సంస్థే జీఆర్‌ఈ అని, పై చదువుల సీట్ల కోసం ఇంకో పరీక్ష కూడా పెడుతుంది. అందులో వెర్బల్ రీజనింగ్ అని ఒక భాగం. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా తల గోక్కునే పేరాలు ఇచ్చి, రచయిత ఉద్దేశం ఏమిటి, ఈ ఖాళీలో ఏ మాట పడుతుంది అని అడుగుతారు. ఆ స్కోరుకు గడువు ఐదేళ్లు. అంటే ఇంగ్లీషులో తర్కించే శక్తి ఐదేళ్లు నిలవ ఉంటుంది, ఇంగ్లీషు మాత్రం రెండేళ్లే. మూడో ఏడు నుంచి ఐదో ఏడు దాకా ఆ విద్యార్థి తనకు రాని భాషలో అద్భుతంగా తర్కిస్తూ ఉంటాడన్నమాట. ఇంత గొప్ప సంగతిని ఒకే కంపెనీ రెండు వేర్వేరు రసీదుల మీద కనిపెట్టింది.

ఇంతకన్నా విచిత్రం మాస్టర్స్ చేసినవాళ్ల ఇంగ్లీషు. ఒక అమ్మాయి టోఫెల్ రాసి, మంచి స్కోరు తెచ్చుకుని, ఇంగ్లీషు దేశానికే వెళ్తుంది. రెండేళ్లు అక్కడే ఉంటుంది. ఇంగ్లీషులో పాఠం వింటుంది, ఇంగ్లీషులో థీసిస్ రాస్తుంది, ఇంటి ఓనరుతో హీటర్ గురించి ఇంగ్లీషులో పోట్లాడుతుంది. టీచింగ్ అసిస్టెంటుగా ఆ దేశపు పిల్లల పేపర్లు దిద్ది, వాళ్ల ఇంగ్లీషులో తప్పుల కింద ఎర్రగీతలు గీస్తుంది. చదువు అయిపోయాక ఇంకో దేశంలో పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే, స్కోరు గడువు తీరిందని తెలుస్తుంది. వెళ్లక ముందు వచ్చిన ఇంగ్లీషు అక్కడ రెండేళ్లు ఉన్నందుకు పోయింది! ఇలాంటివాళ్లను పరీక్ష నుంచి మినహాయించే యూనివర్సిటీలు ఉన్నాయి, కాదనను. మినహాయింపు కోసం పెట్టాల్సిన అర్జీ మాత్రం మంచి ఇంగ్లీషులో ఉండాలి.

ఈ విషయంలో మెచ్చుకోవాల్సింది కెనడాను. కెనడాలోనే చదివి, డిగ్రీ పుచ్చుకుని, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే వలస పద్ధతిలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసినా రెండేళ్లు దాటని స్కోరు చూపించాల్సిందే. లండన్‌లో పుట్టి పెరిగినవాడికీ అదే రూలు. అందరినీ ఒకేలా అనుమానించడంలో ఒక పెద్దరికం ఉంది.

బ్రిటన్‌కు ఆ పెద్దరికం లేదు. దాని దగ్గర ఒక జాబితా ఉంది. అందులోని దేశాల పౌరులు ఇంగ్లీషు వచ్చని నిరూపించుకోనక్కర్లేదు. మాల్టా ఉంది, జమైకా ఉంది, బెలీజ్ ఉంది, గయానా ఉంది. చాలా సంతోషం. నైజీరియా లేదు, ఘనా లేదు. ఆ రెండు చోట్లా ఇంగ్లీషే అధికార భాష. పాపం, ఆ భాషను అక్కడికి మోసుకెళ్లినవాళ్లు ఎవరో బ్రిటన్‌కు గుర్తున్నట్టు లేదు. నైజీరియా రచయిత వోలే షోయింకా 1954లో చదువుకోవడానికి బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీకి వెళ్లాడు. తర్వాత ఇంగ్లీషులో రాసి 1986లో నోబెల్ తెచ్చుకున్నాడు. సకాలంలో వెళ్లాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడైతే ఆ పాస్‌పోర్టు పట్టుకొచ్చినవాడిని ముందు ఐఈఎల్‌టీఎస్ సంగతేమిటని అడుగుతారు. టెస్టు రాయనంటే ఇంకో దారి ఉంది. నా డిగ్రీ ఇంగ్లీషులోనే చదివానని ఎక్టిస్ అనే సంస్థ చేత సర్టిఫికెట్ రాయించుకోవచ్చు. దానికీ ఫీజు కట్టాలి. కొన్ని యూనివర్సిటీలైతే చదివిన కాలేజీ నుంచి మీడియం ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ లెటర్ తెస్తే చాలంటాయి. మా పిల్లలకు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాం అని ప్రిన్సిపాల్ సంతకం పెట్టి స్టాంపు వేసిన కాగితం అది. అందులో నాలుగు వాక్యాలుంటే ఆరు తప్పులుంటాయి. అయినా చెల్లుతుంది, స్టాంపు ఉంది కదా.

ఇక పరీక్ష గదిలోకి వెళ్దాం. ఐఈఎల్‌టీఎస్‌లో కనీసం ఎదురుగా ఒక మనిషి కూర్చుంటారు. చేతికి ఒక కార్డు ఇచ్చి, ఒక్క నిమిషం ఆలోచించుకోమని, ఆ తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. మీరు ఎవరికైనా సాయం చేసిన సందర్భం చెప్పండి, అని అడుగుతారు. జన్మలో ఎవరికీ సాయం చేయనివాడు కూడా ఆ రెండు నిమిషాలూ ఒక ముసలమ్మను రోడ్డు దాటిస్తాడు. ఆ ముసలమ్మ రోజుకు ఎన్ని వేలసార్లు రోడ్డు దాటుతోందో!

నాకు ముచ్చటేసేది పీటీఈ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష. అక్కడ ఎదురుగా మనిషి గొడవే లేదు. ఒక గదిలో వరసగా కంప్యూటర్లు, మధ్యలో చిన్న అడ్డుగోడలు, అందరి తలలకూ హెడ్‌సెట్లు. ఇప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడాలి. ఎడమ పక్కవాడు సముద్రంలో ఆటుపోట్ల గురించి గట్టిగా చదువుతుంటాడు. కుడి పక్క అమ్మాయి విన్న వాక్యాన్ని తిరిగి అప్పజెబుతూ ఉంటుంది: లైబ్రరీ ఈ శుక్రవారం తొందరగా మూస్తారు, లైబ్రరీ ఈ శుక్రవారం తొందరగా మూస్తారు. వెనకవాడికి కంగారులో గొంతు పెరిగి, వాడి ఇంగ్లీషు మీ మైకులో పడుతోంది. మీ తెర మీద ఒక గ్రాఫు. ఏయే దేశం ఎన్ని అరటిపండ్లు ఎగుమతి చేసిందో గీసి పెట్టారు. చూసుకోవడానికి 25 సెకన్లు, చెప్పడానికి 40 సెకన్లు. మీరు కాస్త బుద్ధిమంతులై, ఈ దేశం ఒక్కసారిగా ఎందుకు పడిపోయింది, తుపాను ఏమైనా వచ్చిందా అని ఆలోచించారనుకోండి, అయిపోయారు. 3 సెకన్లు నోరు మూసుకుంటే మైకు కట్టేస్తుంది. ఆలోచించడం అక్కడ తప్పు. ముప్పై ఏళ్లు పరిశోధన చేయబోయే మనిషిని ఎంచుకోవడానికి, మూడు సెకన్లు ఆలోచించేవాడిని ఏరిపారేసే యంత్రం పెట్టారు. అందుకే కోచింగ్ సెంటర్లలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పరు, టెంప్లేటు చెబుతారు. ఈ చిత్రం ఫలానా సమాచారం ఇస్తోంది, అన్నిటికన్నా ఎక్కువ ఇది, తక్కువ అది, మొత్తం మీద ఇది చాలా ముఖ్యమైన సమాచారం. అరటిపండ్లయినా, అణుబాంబులైనా అదే పాట. చాలాకాలం గొంతు తడబడకుండా పాడితే చాలు, స్కోరు వచ్చేది.

తడబడినా తడబడకపోయినా ఒక్కోసారి యంత్రానికి నచ్చదు, అది వేరే సంగతి. 2017లో ఆస్ట్రేలియాలో ఒక పశువైద్యురాలు ఈ పరీక్ష రాశారు. పుట్టింది ఐర్లండ్‌లో, మాతృభాష ఇంగ్లీషు, రెండు డిగ్రీలున్నాయి. వీసాకు కావాల్సింది 79 అయితే, మాట్లాడే భాగంలో ఆమెకు 74 వచ్చింది. పేపర్లన్నీ రాశాయి, జనం నవ్వుకున్నారు. నవ్వదగ్గ విషయమే. కానీ అదే మార్కు ఏ నేపాలీ కుర్రాడికో, వియత్నాం అమ్మాయికో వస్తే ఏ పేపరూ రాయదు, ఎవరూ నవ్వరు. ఇంకా బాగా ప్రిపేర్ అవ్వమ్మా అంటారు.

స్కోరు అరపాయింటు తగ్గినా దిగులు లేదులెండి. యూనివర్సిటీ దయగలది. సెప్టెంబరులో కోర్సు మొదలయ్యే ముందు వేసవిలో కొన్ని వారాలు ప్రీసెషనల్ ఇంగ్లీష్ అని తనే నేర్పిస్తుంది, ఫీజు తీసుకుని. ఐఈఎల్‌టీఎస్‌లో 6 వచ్చినందుకు గుమ్మంలో ఆపేసినవాడిని అదే గుమ్మం పక్కన కౌంటరులో డబ్బు కట్టించుకుని లోపలికి పిలుస్తుంది.

ఇదంతా తమాషాగా చెప్పుకోవచ్చు. 2014లో బ్రిటన్‌లో జరిగింది మాత్రం నాతో తమాషాగా చెప్పించకండి.

అప్పట్లో స్టూడెంట్ వీసా పొడిగించుకోవడానికి టోయిక్ అనే టెస్టు కూడా చెల్లేది. పెట్టేది ఈటీఎస్సే. ఆ ఏడాది ఫిబ్రవరిలో బీబీసీ పనోరమా కార్యక్రమం లండన్‌లో జరుగుతున్న మోసాన్ని రహస్య కెమెరాతో చూపించింది. అభ్యర్థుల బదులు వేరేవాళ్లు కూర్చుని మాట్లాడటం, పర్యవేక్షకుడే జవాబులు చదివి వినిపించడం అందరూ చూశారు. మోసం జరిగింది, అందులో అబద్ధం లేదు. చేసినవాళ్లను పట్టుకోవాల్సిందే. వీసాలు చూసే హోం ఆఫీస్ ఏం చేసింది? రికార్డింగులన్నీ పరిశీలించమని ఈటీఎస్‌కే అప్పగించింది. అంటే ఎవరి సెంటర్లలో మోసం జరిగిందో తీర్పు చెప్పేది కూడా వాళ్లే. గొంతులను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి 58 వేలకు పైగా టెస్టులు చూసి, 97 శాతం అనుమానాస్పదం అన్నారు. 97 శాతం! నూటికి మూడు మాత్రమే నిజాయితీగా జరిగిన పరీక్ష ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా అని ఆ ఆఫీసులో ఒక్కడికి కూడా సందేహం రాలేదు.

వేల మంది వీసాలు పోయాయి. తెల్లవారుజామున వచ్చి తలుపులు కొట్టారు, నిర్బంధ కేంద్రాల్లో పెట్టారు. చాలామందికి చెప్పిన మాట ఒకటే: నువ్వు మోసగాడివి, అప్పీలు చేసుకోవాలంటే దేశం విడిచి వెళ్లి అక్కడి నుంచి చేసుకో. ఏ టెస్టులో, ఏ వాక్యం దగ్గర దొంగతనం చేశాడో చెప్పేవాడు లేడు. రికార్డింగు ఇవ్వమంటే నానా తిప్పలు. ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాళ్లు, అంతకు ముందే ఆ దేశంలో డిగ్రీలు చేసినవాళ్లు జడ్జి ముందు నిలబడి, చక్కటి ఇంగ్లీషులో, నాకు ఇంగ్లీషు వచ్చు బాబూ అని మొత్తుకోవాల్సి వచ్చింది. గెలవడానికి ఏళ్లు పట్టింది. అమ్మానాన్నలు అప్పులు చేసి కట్టిన ఫీజులు పోయాయి. సొంత ఊళ్లో కూడా నమ్మినవాళ్లు తక్కువ. అంత పెద్ద దేశం ఊరికే పంపించేస్తుందా, ఏదో చేసే ఉంటాడు అన్నారు. పాతికేళ్ల పిల్లలు వాళ్లు. వయసు తిరిగి ఇచ్చే ట్రైబ్యునల్ ఏది?

2019లో సర్కారు లెక్కలు తనిఖీ చేసే ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసే మొత్తం వ్యవహారాన్ని తవ్వి చూసింది. హోం ఆఫీస్ ఈటీఎస్ ఇచ్చిన లెక్కలను మొదట్లో సరిగ్గా పరీక్షించుకోలేదని, ఏ తప్పూ చేయనివాళ్లు కూడా ఇందులో నలిగి ఉండవచ్చని రాసింది. అదే రిపోర్టులో ఇంకో చిన్న వివరం ఉంది. ఈ గొడవకు పరిహారం కింద ఈటీఎస్ నుంచి హోం ఆఫీస్ 16 లక్షల పౌండ్లు రాబట్టుకుంది.

నష్టపోయింది ఎవరనేది వాళ్లు అలా తేల్చుకున్నారు.