వార్డుకో ప్రతిపక్ష నాయకుడు కావాలి

రాష్ట్ర ఖజానాలో డబ్బుల్లేవు. ఈ మాట ఇప్పటి ప్రభుత్వం చెప్పింది, నమ్మాం. పోయిన ప్రభుత్వమూ చెప్పింది, అప్పుడూ నమ్మాం. ఖజానా ఖాళీ అన్న ఒక్క విషయంలో తప్ప ఆ రెండు పక్షాలకూ ఇంకెందులోనూ మాట కలవదు కాబట్టి అది నిజమే అయి ఉండాలి. డబ్బు లేనప్పుడు ఖర్చు తగ్గించుకోవడం ఏ సంసారికైనా తెలిసిన పనే. అలాంటప్పుడు మా కర్నూలు జిల్లాలో ఒక ప్రతిపక్ష నాయకుడు ఊరూరా తిరిగి "పొదుపు పేరు చెప్పి పేదోడి కడుపు కొడతారా?" అని మైకులో అరవడం న్యాయమేనా అని కొందరు పెద్దమనుషులు అడుగుతున్నారు. న్యాయమే. పైగా అత్యవసరం. ఎందుకో ఓపిగ్గా వివరిస్తాను.

ఆయన పేరు రాయడం లేదు. భయపడి కాదు. ఐదేళ్లకోసారి ఆ పేరు మారుతుంది, మెడలో కండువా రంగు మారుతుంది, ప్రసంగం మాత్రం అదే ఉంటుంది. పేరు రాస్తే వ్యాసం తొందరగా పాతబడుతుంది.

ఈ నాయకుడు ఏదో ఒక మండల కేంద్రంలోని సర్కారు ఆసుపత్రిని పరిశీలించడానికి వస్తున్నాడని ముందురోజు సాయంత్రం కబురు అందిందనుకుందాం. రాత్రికి రాత్రే బ్లీచింగ్ పౌడర్ పడుతుంది. ఎప్పుడో పోయిందనుకున్న మరుగుదొడ్డి తాళంచెవి దొరుకుతుంది. ఎండాకాలమంతా కదలని ఫ్యాను తిరగడం మొదలుపెడుతుంది. ఓపీ చీటీ రాసే కిటికీ వెనకాల మనిషి కనిపిస్తాడు. సెలవులో ఉన్న డాక్టరు కూడా తెల్లకోటు తొడుక్కుని వచ్చేస్తాడు. "స్టాకు లేదు, బయట తెచ్చుకోండి" అని చీటీ చేతిలో పెట్టే కౌంటర్లో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు పెట్టెలకు పెట్టెలు దిగుతాయి. రోజూ ప్రతి జ్వరాన్నీ కర్నూలుకు రాసి పంపేచోట ఆ పూటకు జ్వరానికి అక్కడే వైద్యం జరిగిపోతుంది. నాయకుడు వస్తాడు. మంచం మీదున్న ముసలమ్మ చేయి పట్టుకుని "ఏమ్మా, మందులిస్తాండారా?" అని అడుగుతాడు. "ఈ పొద్దు ఇచ్చినారు సామీ" అంటుందామె, ఉన్నమాటే. "చూశారా, ఈ పొద్దే ఇచ్చారంట!" అని ఆయన కెమెరాల వైపు తిరుగుతాడు. వెనకాలే నిలబడ్డ అధికారి కూడా అదే సాక్ష్యాన్ని తన పుస్తకంలో రాసుకుంటాడు: మందులు ఇస్తున్నారు. ఇద్దరి పనీ అయిపోయింది. ముసలమ్మకు కూడా మాత్రలు అందాయి, ఇది మాత్రం ఎవరూ అనుకుని చేసింది కాదు.

ఆ పూట ఆ ఆసుపత్రి నడిచింది. బడ్జెట్ వల్ల నడవలేదు, ప్రతిపక్షం వల్ల నడిచింది. ఖర్చెంత? ఒక సంచి బ్లీచింగ్, రెండు సీసాల ఫినాయిల్. ఇంత చౌకగా ఇంత సేవ చేసే పథకం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ నాకు కనిపించలేదు. అందువల్ల ప్రతిపక్ష నాయకుడి పర్యటనను ప్రజాసేవగా గుర్తించాలనీ, పొదుపు చర్యల నుంచి పూర్తిగా మినహాయించాలనీ ప్రభుత్వానికి విన్నవించుకుంటున్నాను. వార్డుకొకరు కావాలి. సోమవారం ఆసుపత్రి, మంగళవారం రేషన్ షాపు, బుధవారం సంక్షేమ హాస్టల్. హాస్టల్‌కు మాత్రం మధ్యాహ్నం వేళకు రావాలి, ఆ రోజు పప్పులో పప్పు ఉంటుంది. గురువారం బస్టాండుకు వస్తే పల్లెవెలుగు బస్సు టైముకు బయల్దేరుతుంది. మిగతా రోజులు ఆయన ఇష్టం. ఆయనకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి.

అసలు చిక్కంతా సరఫరా దగ్గరే ఉంది. 175 మంది ఉన్న అసెంబ్లీలో ప్రతిపక్ష హోదా దక్కాలంటే పదో వంతు, అంటే 18 మంది ఉండాలని లెక్క చెబుతారు. 2024లో ప్రతిపక్షం నుంచి గెలిచింది 11 మంది. దాంతో ఒక క్యాబినెట్ హోదా కారు, దాని పెట్రోలు, దాని డ్రైవరు ఖర్చు మిగిలాయి. పొదుపు చర్యల్లో ఓటరు స్వయంగా చేసింది ఇదొక్కటే. మా ఉమ్మడి కర్నూలు జిల్లా వాళ్లం అంతకు ముందే ఇంకా ఉదారంగా పొదుపు చేశాం: 2019లో 14 సీట్లకు 14 ఒకే పార్టీకి రాసిచ్చేశాం. ఆ ఐదేళ్లూ జిల్లాలో మచ్చుకు ఒక్క ప్రతిపక్ష ఎమ్మెల్యే లేడు. ఆసుపత్రుల్లో ఫినాయిల్ ఎంత ఆదా అయిందో ఎవరైనా లెక్క తీయాలి. 2024లో 12 సీట్లు అవతలి కూటమికి మళ్లి ఆ పార్టీకి రెండు మిగిలాయి, ఆలూరు, మంత్రాలయం. రెండూ పడమటి వైపే. నంద్యాల, శ్రీశైలం వైపు జనం ఓడిపోయినవాళ్లతోనే సర్దుకోవాలి.

ప్రతిపక్షం విలువ గురించి కర్నూలుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పొదుపు గురించి అసలే అక్కర్లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిపిన ఊరు మాది. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరులో, మద్యనిషేధం ఎత్తేయాలా వద్దా అన్న తగవు పెద్దదై ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మిగతా రాష్ట్రాల్లో ప్రభుత్వాలు పడాలంటే రిసార్టులు, విమానాలు, బిర్యానీలు కావాలి. ఇక్కడ గుడారం, ఒక ఓటు సరిపోయాయి.

ఇక మన ప్రతిపక్ష నాయకుడి మీద ఉన్న అసలు ఫిర్యాదు: "అధికారంలో ఉన్నప్పుడు ఈయన చేసిందీ ఇదే కదా?" ఇది అన్యాయమైన ప్రశ్న. జ్ఞాపకశక్తి కూడా ఖర్చుతో కూడుకున్నదే, అందులోనూ కోత పడింది. ఐదు రూపాయల భోజనం సంగతి చూడండి. 2018లో క్యాంటీన్లు తెరిచారు, 2019లో ప్రభుత్వం మారగానే మూశారు, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. మధ్యలో ఐదేళ్లు ఆకలి కూడా సెలవు పెట్టినట్టుంది. బడుల సంగతీ అంతే. 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని హైస్కూళ్లకు తరలిస్తే, "బడులు మూసేస్తారా?" అని అప్పటి ప్రతిపక్షం నిలదీసింది. 2025లో ఆ జీవో రద్దయి తొమ్మిది రకాల బడులు వచ్చాయి. "బడులు మూసేస్తారా?" అని ఇప్పటి ప్రతిపక్షం నిలదీస్తోంది. ప్రశ్నను ఎవరూ మార్చలేదు, అందులోనూ పొదుపే.

గ్రామ, వార్డు వాలంటీర్ల విషయానికొస్తే మనం పొదుపు దాటి వేదాంతంలోకి అడుగుపెడతాం. ఐదు వేల గౌరవ వేతనాన్ని పది వేలు చేస్తామని ఎన్నికల్లో చెప్పారు. గెలిచాక ఫైళ్లు తిరగేసి, 2023 ఆగస్టు తర్వాత కొనసాగింపు ఉత్తర్వే లేదన్నారు. ఉత్తర్వు లేదు కాబట్టి వ్యవస్థలో మనుషులు లేరు. లేనివాళ్లను తీసేయడం కుదరదు కాబట్టి ఎవరినీ తీసేయలేదు. ఆ ఉత్తర్వు ఇవ్వనిదేమో, ఇవాళ వాలంటీరు కోసం కన్నీళ్లు పెట్టుకుంటున్న పక్షమే. శంకరులు జగత్తు మిథ్య అన్నారు, సర్కారు వాలంటీరు మిథ్య అంది. మంత్రాలయం ద్వైత మఠమున్న జిల్లాలో మాకు అద్వైతం ఇలా వంటబట్టింది.

ఆదోని మెడికల్ కాలేజీ దగ్గర మాత్రం మా నాయకుడు నిజంగానే గొంతు చించుకున్నాడు. రాష్ట్రంలో 17 కొత్త కాలేజీలు అన్నారు, 2023లో అయిదు మొదలయ్యాయి, వాటిలో మా నంద్యాలది ఒకటి. మిగిలినవాటిలో పదింటిని పీపీపీ, అంటే ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఇస్తామని 2025లో ఈ ప్రభుత్వం తేల్చింది, ఆదోని తొలి విడతలోనే ఉంది. ప్రతిపక్షం కోటి సంతకాలకు బయల్దేరింది. మేము ఐదేళ్లలో పూర్తి చేయలేనిది మీరు ఏడాదిన్నరలో ఎందుకు పూర్తి చేయలేదని ప్రతిపక్షం వాదన. మీరు పూర్తి చేయలేదు కాబట్టి మేము ప్రైవేటుకు ఇస్తామని ప్రభుత్వం వాదన. రెండు వాదనలూ పక్కాగా కట్టారు. కాలేజీని కూడా అంత శ్రద్ధగా కట్టి ఉంటే ఆదోని రోగి దాదాపు వంద కిలోమీటర్లు కర్నూలుకు రానవసరం ఉండేది కాదు.

అయితే ఆ పడమటి పల్లెల జనాన్ని ఇద్దరూ అభినందించాలి. వానల్లేక గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కూలి వలసకు, పోయినన్నాళ్లూ వాళ్లు ఊళ్లో రేషన్ అడగరు, బడి అడగరు, ఆసుపత్రి అడగరు. ఇంటికి తాళం, సర్కారుకు ఆదా. ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ ఈ పొదుపును లెక్క చూపకపోవడం ఆర్థిక శాఖ అజాగ్రత్త.

నా ప్రతిపాదనకు ఒక్క గండం ఉంది. నాయకుడు ఎంత బాగా పోరాడితే గెలిచే అవకాశం అంత పెరుగుతుంది. గెలిచాడంటే ఆసుపత్రిలో వార్డుల దాకా రాడు, గేటు దగ్గర రిబ్బను కత్తిరించి పోతాడు. ఆయన మీద నిజమైన అభిమానం ఉన్నవాళ్లు ఆయనకు ఓటేయకూడదు. మనసు ఊరుకోక వేసేస్తే, అప్పుడు ఓడినాయన ఆలస్యం చేయకుండా ఫలితాలు వచ్చిన వారంలోనే వార్డులోకి రావాలి. ప్రసంగం కొత్తగా రాయించుకునే పని లేదు. గెలిచినాయన తన జేబులో కాగితం తీసి ఓడినాయనకిచ్చి, "ఖజానా ఖాళీ" అని రాసున్న ఆయన కాగితం తాను తీసుకుంటే సరిపోతుంది. జిరాక్సు ఖర్చు కూడా మిగులుతుంది.