నెట్ ఆన్‌లో ఉంటే ఫోన్ మోగదు

ఫోన్ చేతిలోనే ఉంటుంది. సిగ్నల్ నిండుగా ఉంటుంది. డేటా ఆన్‌లో ఉంటే కాల్ మాత్రం రాదు! అవతలివాళ్లకేమో ‘అందుబాటులో లేరు’ అని వినిపిస్తుంది. డేటా ఆపగానే మిస్డ్ కాల్ మెసేజ్‌లు వరసపెట్టి దిగుతాయి. ఆపైన ‘ఫోన్ ఎందుకు ఎత్తవు?’ అని చీవాట్లు. ఎత్తడానికి మోగితే కదా!

పాత 2జీలో ఈ గోల మామూలే, సరే. 4జీ అసలు డేటా కోసమే కట్టిన నెట్‌వర్క్. వోల్టే, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ 3జీకో 2జీకో దిగాలి. ఆ దిగడంలోనే కాల్ కాస్తా గల్లంతు. కస్టమర్ కేర్‌ది ఒకటే మంత్రం: ‘ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్.’ సెట్టింగ్స్‌లో వోల్టే ఆన్‌లో ఉందా అని మాత్రం అడగరు. లోన్ కావాలా అనే కాల్స్ మాత్రం, ఏం మాయో గానీ, ఠంచనుగా మోగుతాయి.